చివాట్లు పెట్టే దిక్కు

ఆ ఊళ్ళో కుర్రాళ్ళకి పొద్దుపోయే చోట్లు మూడే. పూల్ ఆడుకునే హాలొకటి, కాఫీ హోటలొకటి, సినిమా హాలొకటి. మూడూ ఒకే మనిషివి. ఆయన పేరు సామ్. ఊళ్ళోవాళ్ళు ‘సామ్ ద లయన్’ అంటారు. సింహమన్న బిరుదు ఎందుకొచ్చిందో సినిమాలో ఎవరూ చెప్పరు. ఆయన్ని చూశాక మనకీ అడగాలనిపించదు.

ఒక రాత్రి కుర్రాళ్ళకి ఏమీ తోచదు. సామ్ నీడన బతికే బిల్లీ అనే పిల్లాడున్నాడు. మాట రాదు, వయసుకి తగ్గ బుద్ధి ఎదగలేదు, పొద్దస్తమానం చీపురు పట్టుకుని వీధి ఊడుస్తుంటాడు. వాణ్ణి కారెక్కించి ఒక వేశ్య దగ్గరికి తీసుకెళతారు. నవ్వుకోవడానికి. ఆమె చిరాకెత్తి వాడి ముక్కు మీద ఒకటిస్తుంది. నెత్తురు మరకల మొహంతో పిల్లాణ్ణి వెనక్కి తెచ్చేసరికి ఎదురుగా సామ్. ఆయన చెయ్యెత్తడు. ఇలాంటి చవకబారుతనం పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను, ఓపిక అయిపోయింది అంటాడు. ఇక నా పూల్ హాలుకి రావద్దు, హోటలుకి రావద్దు, సినిమాకీ రావద్దు. మీ డబ్బు నాకొద్దు. వాడి మొహమైనా కడిగి తీసుకురావాలన్న ఇంగితం కూడా మీకు లేకపోయింది.

ఆ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ తల దించుకుంటాను. బిల్లీని నేనేమీ తీసుకెళ్ళలేదు. అయినా.

ఒక మనిషి మూడు తలుపులు మూస్తే ఊరు ఊరంతా మూసుకుపోతుంది. వెలివేయడానికి పంచాయితీ అక్కర్లేదు, పోలీసులు అక్కర్లేదు. ఆ కుర్రాళ్ళలో సన్నీ అనేవాడు ఆ తర్వాత కొన్నాళ్ళపాటు సొంతూళ్ళోనే పరాయివాడిలా తిరుగుతాడు. ‘ద లాస్ట్ పిక్చర్ షో’ అన్న సినిమా పేరు చూసి చాలామంది ఇది థియేటర్ మూతపడే కథ అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నాలుగైదు సార్లు చూశాక నా కన్ను ఆ థియేటర్ మీంచి జరిగి, తలుపు మూయగలిగిన ఆ మనిషి మీదికి పోయింది. ఆయన బతికున్నప్పుడు ఆ కుర్రాళ్ళ మీద ఆ తలుపు మూసుకుంటే సన్నీకి ఊపిరాడలేదు. ఆయన పోయాక అదే తలుపు ఊరందరి మీదా మూసుకుంది. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

సినిమా 1971లో వచ్చింది. తీసినవాడు పీటర్ బొగ్దనోవిచ్. అంతకు ఐదేళ్ళ ముందు, 1966లో, లారీ మెక్‌మర్ట్రీ అదే పేరుతో రాసిన నవల దీనికి మూలం. స్క్రీన్‌ప్లే ఇద్దరూ కలిసి రాశారు. కథ 1951 నవంబరులో మొదలై మరుసటేడు అక్టోబరుకి ముగుస్తుంది. సినిమాలో ఊరి పేరు అనరీన్. తీసింది మెక్‌మర్ట్రీ పెరిగిన ఊరు ఆర్చర్ సిటీలో. ఉత్తర టెక్సాస్‌లో, విచిటా ఫాల్స్‌కి పాతిక మైళ్ళ దక్షిణాన ఉన్న చిన్న ఊరది. అనరీన్ అన్నది కూడా కల్పన కాదు, ఆ దగ్గర్లోనే ఒకప్పుడుండి మనుషులు లేకుండా పోయిన ఊరు. డాలస్ నుంచి కారులో రెండున్నర గంటల దారి. మా బంధువుల్లో సగం మంది పిల్లలు డాలస్ చుట్టుపక్కలే ఉన్నారు. ఆర్చర్ సిటీకి ఎవరైనా వెళ్ళారా అని అడిగితే, అక్కడ గుడేమైనా ఉందా బాబాయ్ అన్నారు.

మెక్‌మర్ట్రీ ఆ నవలని తన ఊరికే ప్రేమగా అంకితమిచ్చాడు. ఊరు ఆ ప్రేమని అంత తేలిగ్గా పుచ్చుకోలేదు. అందులో తమ గుట్టు ఉందని కొందరికి కోపం, తమని నీచంగా చూపించాడని ఇంకొందరికి ఉక్రోషం. ఏ ఊరికైనా అంతే కదా. పరువు తీసినవాణ్ణి క్షమిస్తుందేమో గానీ, లోపల జరిగేది బయటపెట్టినవాణ్ణి క్షమించదు.

మొట్టమొదటి దృశ్యంలోనే గాలి. అదేపనిగా వీచే పొడిగాలి, దుమ్ము, ఎవరూ లేని వీధి. ఆ వీధిని కెమెరా రాయల్ థియేటర్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా పక్కకి తిరుగుతూ చూపిస్తుంది. అంతా నలుపు తెలుపు. 1971 నాటికి అమెరికాలో పెద్ద కంపెనీ సినిమా ఇలా తీయడం వింతే. రంగుల్లో తీస్తే దుమ్ము కూడా అందంగా కనబడుతుందన్న భయం బొగ్దనోవిచ్‌ది. నలుపు తెలుపులో తియ్యమని సలహా ఇచ్చింది ఆర్సన్ వెల్స్. కెమెరా పట్టింది రాబర్ట్ సర్టీస్. సినిమా అంతా చూడండి, నేపథ్య సంగీతమన్నదే ఉండదు. మనకి వినబడే ప్రతి పాటా ఏదో ఒక రేడియోలోంచో, జ్యూక్‌బాక్స్‌లోంచో, డాన్సు హాలు బ్యాండులోంచో వస్తుంది. ఎక్కువగా హ్యాంక్ విలియమ్స్ గొంతు. ఎవరి ఇంట్లోంచి వినిపించే పాట వాళ్ళకే సొంతమైనట్టు ఉంటుంది. ఇప్పుడు ఏడవాలి, ఇప్పుడు నవ్వాలి అని మన భుజం తట్టి చెప్పే వయొలిన్లు లేకపోవడం నాకెంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

మూతి మీద నూనూగు మీసాలు మొలిచే వయసు కథలని ఇంగ్లీషువాళ్ళు ఒక ప్రత్యేకమైన పేరుతో పిలుచుకుంటారు. తెలుగులో దానికి సరైన మాట లేదని మిత్రుడొకాయన చాలాసార్లు బాధపడ్డాడు. నాకు ఆ బాధ లేదు. మనకి ‘వాడికి పెద్దరికం వచ్చింది’ అన్న మాటుంది. ఆ మాట ఎప్పుడు వాడతామో చూడండి. ఒళ్ళు పెరిగినప్పుడు కాదు, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కాదు. తమ్ముణ్ణో చెల్లెల్నో మొదటిసారి మందలించినప్పుడు వాడతాం.

ఈ మందలించే పనికి మనకున్నన్ని మాటలు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో. కోప్పడతాం, కేకలేస్తాం, గదమాయిస్తాం, గడ్డి పెడతాం, నాలుగు అంటిస్తాం, తలంటుతాం, చివాట్లు పెడతాం. పెట్టడమే! అన్నం పెట్టినట్టు, బొట్టు పెట్టినట్టు చివాట్లు కూడా పెట్టేవే. ఎవరికి పడితే వాళ్ళకి పెట్టలేం. తిట్టడం వేరు. తిట్టడానికి నోరుంటే చాలు. ఎత్తిపొడవడం మరీ వేరు. అది చేతకానివాళ్ళ పని.

అనరీన్‌లో ఎత్తిపొడిచేవాళ్ళకి కొదవ లేదు. సినిమా మొదట్లో స్కూలు ఫుట్‌బాల్ జట్టు చిత్తుగా ఓడిపోతుంది. మర్నాడు పొద్దున సన్నీ, వాడి స్నేహితుడు డ్యువేన్ ఎక్కడికెళ్ళినా ఊళ్ళో ప్రతి పెద్దమనిషీ ఒకటే దెప్పు. ఎదుటివాణ్ణి పట్టుకుని పడేయడమన్నది ఎప్పుడైనా విన్నారా అని. ఒకే మాట, ఒకే విరుపు. ఆ పెద్దమనుషులకి ఈ పిల్లలు ఏం తింటున్నారో, ఎక్కడ పడుకుంటున్నారో పట్టదు. సన్నీ తండ్రి ఊళ్ళోనే ఉన్నాడు, కానీ కొడుకు ఉండేది అద్దె గదిలో. క్రిస్మస్ డాన్సు దగ్గర తండ్రీకొడుకులు ఎదురుపడితే, రైల్వే ప్లాట్‌ఫారం మీద ముఖపరిచయస్తులు పలకరించుకున్నట్టు నాలుగు ముక్కలు మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. నాన్న అనే గదిలో ఎవరూ లేరు. ఆ ఖాళీలోకి సామ్ వచ్చి నిలబడ్డాడు, ఎవరూ రమ్మనకుండానే.

ఆ పాత్ర వేసింది బెన్ జాన్సన్. ఒక్లహామాలో పుట్టిన నిజమైన కౌబాయ్. గుర్రాలు తోలుకుంటూ హాలీవుడ్‌కి వచ్చి, స్టంటులు చేసి, జాన్ ఫోర్డ్ చలవతో నటుడయ్యాడు. ఉన్నట్టుండి సినిమాలు పక్కనపెట్టి రోడియోకి వెళ్ళిపోయి, 1953లో తాడు విసిరి పశువుని పట్టే పోటీలో ప్రపంచ ఛాంపియన్ అయి వచ్చాడు. బొగ్దనోవిచ్ ఈ వేషమిస్తానంటే ఆయన వద్దన్నాడు. కారణం అడిగితే మాటలు మరీ ఎక్కువున్నాయన్నాడట. చివరికి జాన్ ఫోర్డ్‌తో చెప్పించాల్సి వచ్చింది. ఫోర్డ్ గదమాయించాక ఒప్పుకున్నాడు. చూశారా, అక్కడా అదే. గుర్రాల్నీ ఎద్దుల్నీ లొంగదీసిన యాభైరెండేళ్ళ మనిషికి కూడా, నోరు మూసుకుని చెప్పింది చెయ్యి అనడానికి ఒక పెద్దదిక్కుంది.

సామ్ తెర మీద కనిపించేది అటూ ఇటుగా పది నిమిషాలు. ఆ కాసేపటికే ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది. కానీ ఆయన లేని మిగతా సినిమా అంతా కూడా ఆయనే నిండి ఉంటాడు, ఇంట్లో పెద్దాయన పోయాక పడక్కుర్చీ నిండి ఉన్నట్టు.

ఆ పది నిమిషాల్లో నాకు మరీ ఇష్టమైనది చెరువుగట్టు దృశ్యం. సామ్ అప్పటికి కుర్రాణ్ణి క్షమించాడు. క్షమించడం కూడా మాటలతో కాదు. ఒక రాత్రి హోటల్లో బిల్లీ ఏమీ జరగనట్టే వెళ్ళి సన్నీ పక్కన కూర్చుంటాడు. దెబ్బ తిన్నవాడే మర్చిపోయాక తనెందుకు మోయాలనుకున్నాడో ఏమో, సామ్ మెత్తబడతాడు. తర్వాత సన్నీనీ బిల్లీనీ వెంటబెట్టుకుని ఒక కుంటకి చేపలు పట్టడానికి వెళతాడు. ఆ కుంటలో తాబేళ్ళు తప్ప చేపల్లేవు. ఉన్నా ఆయనకి చేపలు గిట్టవు. మరెందుకొచ్చినట్టు? నలభై ఏళ్ళ కిందట తన గుర్రానికి నీళ్ళు పట్టిన కుంట అది. అప్పుడీ నేల మీద ఒక్క ముళ్ళచెట్టు ఉండేది కాదంటాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక అమ్మాయిని ఇక్కడికి తీసుకొచ్చిన సంగతి చెబుతాడు. పెళ్ళైన పిల్ల, తెగువ గలది. గుర్రాల మీద కుంట దాటుదామని వెండి డాలరు పందెం కట్టి గెలిచింది. అంతే కథ. సన్నీ వింటున్నాడా లేదా అని కూడా ఆయన చూడడు.

పొద్దున్నే చివాట్లు పెట్టిన నోటితో సాయంత్రం తన గుట్టు విప్పగలిగినవాడే పెద్దవాడని నాకనిపిస్తుంది. మొదటిదొక్కటే చేసేవాళ్ళని హెడ్‌మాస్టర్లంటారు.

మా ఊరి సినిమా హాలు యజమాని సామ్ అంత గొప్పవాడు కాడు. తెల్ల పంచె, చేతిలో టార్చిలైటు, చెవిలో పొడుగాటి వెంట్రుకలు. అందరూ పెద్దాయన అనేవారు. మొదటాటకి మైకులో ఘంటసాల భక్తిపాట వేయగానే పొలాల్లో ఉన్నవాళ్ళు కాళ్ళు కడుక్కునేవాళ్ళు. ఆ పాట అయ్యేలోపు నేల టికెట్ల దగ్గర తొక్కిసలాట. నా పదమూడో ఏట నేనూ ఇంకో ఇద్దరం వెనక గోడ దూకి, ఇంటర్వెల్ గుంపులో కలిసిపోదామనుకున్నాం. టార్చి వెలుగు నేరుగా నా మొహం మీదే పడింది. పెద్దాయన కొట్టలేదు. ‘ఎవరబ్బాయివిరా నువ్వు?’ అన్నాడు. తెలియక కాదు, తెలిసే అడిగాడు. మా నాన్న పేరు నా నోటితో చెప్పించాలని. చెప్పాను. ‘మీ నాన్నని తీసుకురా, అప్పుడు గేటు తీస్తా’ అన్నాడు. నాన్నతో ఎవడు చెబుతాడు? నలభై రోజులు సినిమా లేదు. రోజూ సాయంత్రం హాలు ముందు నుంచే ట్యూషన్‌కి వెళ్ళాలి. లోపలి నుంచి డైలాగులు వినబడేవి. నాలుగు సినిమాలు అలా గోడవతల నుంచే విన్నాను. ఓ రోజు పెద్దాయనే ‘ఒరేయ్, బుద్ధొచ్చిందా?’ అని చెయ్యూపి పిలిచాడు. ఆ రోజు ఏ సినిమా వేశారో గుర్తులేదు. ఆ చెయ్యి ఊపడం గుర్తుంది.

తర్వాతెప్పుడో ఆయన పోయారు. కొడుకులు హైదరాబాదులో. హాలు కొన్నాళ్ళు లీజు మీద నడిచింది, ఆ తర్వాత మూతపడింది. ఆ సంగతి నాకు ఏడాదిన్నరకి తెలిసింది, అదీ ఇంకేదో మాటల సందర్భంలో. అక్కడే అనరీన్ నా కాళ్ళకి చుట్టుకుంది.

సామ్ కూడా అలాగే పోతాడు, మన కంటి ముందు కాదు. సన్నీ, డ్యువేన్ ఉన్నపళంగా మెక్సికో పోదామని బయల్దేరితే, దారి ఖర్చులకుంచుకోండని కొంత డబ్బిచ్చి సాగనంపుతాడు. నాకూ వయసుంటే వచ్చేవాణ్ణే అన్నట్టు చూస్తాడు. వాళ్ళు తాగి, తిరిగి, తలనొప్పులతో వెనక్కొచ్చేసరికి హోటలు తలుపు మూసి ఉంటుంది. ఈ వేళప్పుడు ఎందుకు మూశారా అని తికమకపడి ఎవర్నో అడిగితే తెలుస్తుంది, పూల్ టేబుల్ మీదే ఒరిగిపోయాడని. బొగ్దనోవిచ్ ఆ చావు చూపించకపోవడం మంచిపనైంది. అలాంటివాళ్ళు పోవడం మనకెప్పుడూ అలాగే తెలుస్తుంది. ఏదో చిల్లర పని మీద ఊరెళ్ళి వస్తాం, ఈలోగా అంతా అయిపోయుంటుంది.

వీలునామా రాసి ఉంచాడు. పూల్ హాలు సన్నీకి, హోటలు అందులో వడ్డించే జెనెవీవ్‌కి, సినిమా హాలు అక్కడ పాప్‌కార్న్ అమ్మే ముసలావిడ మిస్ మోసీకి. ఆవిడ కొన్నాళ్ళు లాక్కొచ్చి చేతులెత్తేస్తుంది. వేసవిలో పిల్లలకి బేస్‌బాల్, మిగతా రోజులంతా టెలివిజన్, ఎవరూ రావడం లేదని వాపోతుంది. ఆవిడ మాటలో అతిశయోక్తి లేదు. 1950లో అమెరికాలో టెలివిజన్ ఉన్న ఇళ్ళు నూటికి తొమ్మిది. 1955కల్లా నూటికి అరవై నాలుగు దాటాయి. ఐదేళ్ళలో ఒక దేశం దేశమంతా వీధిలోంచి లేచి ఇంటి హాల్లోకి వెళ్ళి కూర్చుంది. మనకీ అదే జరిగింది. కాకపోతే మనం టీవీకి కొన్నాళ్ళు తట్టుకుని, సెల్‌ఫోను దగ్గర పడిపోయాం. సినిమా ఎక్కడికీ పోలేదు. ఇంకా ఎక్కువే చూస్తున్నాం. ఎవరబ్బాయివిరా అని అడిగే టార్చిలైటే లేదు.

రాయల్‌లో ఆఖరి ఆట ‘రెడ్ రివర్’. హోవర్డ్ హాక్స్ తీసిన 1948 నాటి సినిమా. టెక్సాస్ నుంచి కాన్సాస్‌లోని అబిలీన్ దాకా వేల పశువుల్ని తోలుకెళ్ళే కథ. నవలలో ఆఖరి ఆటకి వేసింది వేరే మామూలు సినిమా. బొగ్దనోవిచ్ కావాలని మార్చాడు. డైరెక్టరు కాకముందు ఆయన పని పాత డైరెక్టర్ల వెంటపడి ఇంటర్వ్యూలు చెయ్యడం, వాళ్ళ గురించి రాయడం. ఫోర్డ్, హాక్స్, వెల్స్, వీళ్ళే ఆయనకి ఊరి పెద్దలు. న్యూయార్క్ మనిషి, టెక్సాస్ మొహం ఎరగడు, చిత్రీకరణ నాటికి ముప్పై ఒకటేళ్ళు. తెలియని ఊరు గురించి ఇంత తెలిసినట్టు ఎలా తీశాడా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. ఆ ఊరు ఆయనకి తెలియదు గానీ, పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నప్పుడు కుర్రవాడికి ఉండే దిగులు తెలుసు. సినిమా తీస్తున్న రోజుల్లోనే ఆయన తండ్రి పోయారు కూడా. ఊరు ఊరులా కనిపించడంలో సగం పుణ్యం ఆయన భార్య, ప్రొడక్షన్ డిజైనర్ పోలీ ప్లాట్‌దని నా లెక్క. ఈ సినిమాలో జేసీ వేషం వేసిన సిబిల్ షెపర్డ్ దొరికింది ఒక పత్రిక అట్ట మీద. ఆ అమ్మాయి వల్లే ప్లాట్ కాపురం కూలిపోయింది, షూటింగు ముగియక ముందే. ఇది సినిమాకి సంబంధించని సంగతే. కానీ ఇందులో ప్రతి ఇంటిగుట్టూ ఊరికి తెలిసినట్టే ఇదీ అందరికీ తెలిసింది.

జేసీ గురించి ఒక మాట. డబ్బున్న ఇంటి పిల్ల, అందగత్తె, కుర్రాళ్ళని ఆడిస్తుంది. ఆమె వైపు నుంచి ఈ కథ ఎవరైనా మళ్ళీ చెబితే బాగుండునని నాకుంది. ఈత కొలను పార్టీలో ఆమెని బట్టలు విప్పమన్నప్పుడు కెమెరా కూడా కుర్రాళ్ళ గుంపులో నిలబడే చూస్తుంది. అక్కడ చివాట్లు పెట్టాల్సినవాళ్ళలో డైరెక్టరు కూడా ఉన్నాడు.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఆర్చర్ సిటీలో అసలు రాయల్ థియేటర్ సినిమా తీసేనాటికే కాలిపోయింది. మిగిలింది ముందు వైపు గోడ. ఆ గోడకి పేరు తగిలించి బయటి దృశ్యాలు తీసుకున్నారు, లోపలివి ఇంకో చోట. అంటే ఆఖరి ఆట వేయకముందే ఆ హాల్లో ఆకాశం కనబడుతోంది. 1990లో అదే బృందం చాలామంది కలిసి ‘టెక్సాస్‌విల్’ తీశారు, రంగుల్లో. డ్యువేన్ నూనెబావుల మీద సంపాదించి అప్పుల్లో మునిగాడు. సన్నీ మాత్రం ఊళ్ళోనే ఉండిపోయాడు. మతి కొంచెం కొంచెం జారిపోతోంది. కూలిపోయిన థియేటర్లోకి వెళ్ళి కూర్చుని, ఎదురుగా ఖాళీలోకి చూస్తూ సినిమా చూస్తున్నాననుకుంటాడు. ఆ రెండో సినిమా అంత బాగుండదు. ఆ ఒక్క సంగతి మాత్రం నన్ను వదల్లేదు.

మెక్‌మర్ట్రీ పెద్ద రచయితై, పులిట్జర్ తెచ్చుకుని, మళ్ళీ ఆ ఊరికే వచ్చి చేరాడు. మూతపడ్డ కొట్లు కొని వాటి నిండా పాత పుస్తకాలు పెట్టి అమ్మాడు. లక్షల పుస్తకాలు, కొనేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో రావాలి. 2012లో వాటిలో చాలా భాగం వేలం వేశాడు. చేపల్లేని కుంటలో గాలం వేసి కూర్చున్నవాణ్ణి సృష్టించిన మనిషి కదా, అంతకంటే వేరే ఏం చేస్తాడు!

సినిమాకి వద్దాం. సామ్ పోయాక కుర్రాళ్ళు ఏం చేసినా అడిగేవాడు లేడు. డ్యువేన్ సన్నీ మొహం మీద సీసాతో కొడతాడు, కన్ను పోయినంత పనవుతుంది. జేసీ సన్నీని లేపుకుపోయి పెళ్ళి చేసుకుంటుంది, అదీ తల్లిదండ్రులు పట్టుకుంటారన్న లెక్కతో. పట్టుకుంటారు. తల్లి లోయిస్ సన్నీని కారులో ఊరికి దింపుతూ, చెరువుగట్టు కథలోని అమ్మాయి తనేనని తేలుస్తుంది. తన విలువేమిటో తెలిసినవాడు ఆయనొక్కడే అని ఏడుస్తుంది. ఎలెన్ బర్స్టిన్ ఆ కన్నీళ్ళ మధ్యే నవ్వడం చూడాలి. మొగుడి నూనెబావులూ, డబ్బూ, తాగుడూ అన్నీ ఉన్న మనిషికి కూడా మిగిలిన ఆస్తి ఒక వెండి డాలరు పందెం.

ఆఖరి ఆట మర్నాడు డ్యువేన్ కొరియా యుద్ధానికి బస్సెక్కుతాడు. గాలి మళ్ళీ మొదలు. బిల్లీ ఎప్పటిలాగే నడివీధిలో ఊడుస్తున్నాడు. పశువుల లారీ కొట్టేస్తుంది. సన్నీ పరిగెత్తుకొచ్చేసరికి నలుగురైదుగురు పెద్దమనుషులు చుట్టూ నిలబడి ఉన్నారు. అదే మనుషులు, మొదట్లో ఫుట్‌బాల్ గురించి దెప్పినవాళ్ళు. లారీ డ్రైవర్ని ఓదారుస్తున్నారు, నీ తప్పేం లేదులే అని. అసలు ఆ చీపురుతో నడిరోడ్డు మీద ఏం చేస్తున్నట్టు అని ఆశ్చర్యపోతున్నారు.

అప్పుడు సన్నీ అరుస్తాడు. వాడు ఊడుస్తున్నాడు, అంతే, ఊడుస్తున్నాడు అని, మధ్యలో ఒక బూతు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంటుంది. మొహమైనా కడగలేదేం అన్న గొంతే. ఊరు మొత్తానికి చివాట్లు పెట్టడం సన్నీకి అదే మొదటిసారి. పూల్ హాలు తాళంచెవులు ఎప్పుడో చేతికొచ్చాయి గానీ, వారసత్వం వచ్చింది ఇప్పుడు. ఎవరూ లెక్కచేయరు. ఒక్కరూ తల దించుకోరు. పిల్లాణ్ణి ఎత్తి తీసుకెళ్ళి, తన కోటు కప్పి, మూసేసిన థియేటర్ ముందు పడుకోబెడతాడు. ఇక ఆ ఊళ్ళో ఉండలేక కారెక్కి బయల్దేరతాడు. ఊరి పొలిమేర దాటి కొంత దూరం పోయి, మళ్ళీ వెనక్కి తిప్పుతాడు.

ఎక్కడికి వెళ్ళాడంటే, రూత్ ఇంటికి. ఫుట్‌బాల్ కోచ్ భార్య, నలభై ఏళ్ళ మనిషి. మొగుడు మనిషిగా చూడని ఆ ఇంట్లో ఆమెకి కొన్ని నెలలు ఊపిరి పోసి, జేసీ కళ్ళెగరేయగానే చెప్పాపెట్టకుండా మానేశాడు ఈ పిల్లాడు. తలుపు తీసిన ఆమె ఆ వేళకి కూడా ఇంకా బాత్‌రోబ్‌లోనే ఉంది. అలా ఉన్నందుకు క్షమాపణ చెప్పుకుంటూ కాఫీ పోయబోతుంది. చెయ్యి వణుకుతుంది. అప్పుడు కెటిల్ గోడకేసి కొడుతుంది. నేనెందుకురా నీకు క్షమాపణలు చెప్పాలి అని మొదలుపెట్టి, లోపలున్నదంతా కక్కేస్తుంది. క్లోరిస్ లీచ్‌మన్ ఆ దృశ్యాన్ని రిహార్సల్ లేకుండా మొదటి టేకులోనే చేసింది. ఇంకోసారి చేస్తాను, ఇంకా బాగా వస్తుందని బతిమాలితే బొగ్దనోవిచ్ ఒప్పుకోలేదట. ఆవిడకీ ఆస్కార్ వచ్చింది.

సన్నీ ఒక్క మాట మాట్లాడడు. ప్రేమించి వచ్చాడా, జాలిపడి వచ్చాడా అని విమర్శకులు వాదించుకుంటారు. ఆ ఊళ్ళో తనకి చివాట్లు పెట్టే హక్కున్న మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. అందుకే వచ్చాడని నేననుకుంటాను. ఆమె అరిచి అరిచి అలిసిపోతుంది. వాడు చెయ్యి చాపి టేబుల్ మీద ఆమె చేతిని పట్టుకుంటాడు. కాసేపటికి ఆమె వాడి కాలరు సరిచేస్తుంది.

మొన్న మాఘమాసంలో మా ఊరికి పెళ్ళికి వెళ్ళాను. సినిమా హాలే ఇప్పుడు ఫంక్షన్ హాలు. తెర ఉండే చోట పెళ్ళిమంటపం కట్టారు. లోపలి నేల వాలు మాత్రం చదును చేయలేదు. కుర్చీలో కూర్చుంటే మనిషి ముందుకి జారిపోతున్నట్టే ఉంటుంది. జీలకర్రా బెల్లం అయ్యింది. భోజనాల కోసం జనం లేచాక, ఏడెనిమిదేళ్ళ పిల్లలు అరడజను మంది ఆ వాలు మీద పై నుంచి కిందికి జారుడాట మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకడు, నడవలేక గోడ పట్టుకుని నిలబడ్డ ఇంకో పిల్లాణ్ణి లాగి తోసేశాడు. వాడు కింద పడ్డాడు. అందరూ నవ్వారు. ‘ఒరేయ్, ఎవరబ్బాయివిరా నువ్వు?’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ పిల్లాడు ఎవరబ్బాయో నాకు నిజంగానే తెలీదు. ఊళ్ళో నేనెవరో వాడికీ తెలీదు. వెళ్ళి పడ్డవాణ్ణి లేపి, మోకాలికంటిన దుమ్ము దులిపాను. మిగతావాళ్ళు ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూశారు, నేనేమైనా అంటానేమోనని.